ఇన్‌స్ట్రుమెంటల్ రాక్ క్లాసిక్‌ల రీమిక్స్ రీఇష్యూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇన్‌స్ట్రుమెంటల్ రాక్ (పాట లేకుండా వాయిద్యాలతోనే సాగే రాక్) ఆల్బమ్ ఏదైనా కొత్త మిక్స్‌తో రీఇష్యూగా, అంటే మళ్లీ విడుదలగా వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు, అవే వాదనలు. "ఇన్నాళ్లకు అన్నీ విడివిడిగా వినపడ్డాయి" అని కొందరు సంబరపడతారు. "మా ఆల్బమ్‌ని పాడుచేశారు" అని ఇంకొందరు బాధపడతారు. ఎక్కువసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## కొనే ముందు

రీమిక్స్, రీమాస్టర్ రెండూ ఒకటే కదా? రెండు పేర్లు ఎందుకు?

రెండూ వేర్వేరు పనులు. రికార్డింగ్‌లో గిటార్, బేస్, డ్రమ్స్, ఆర్గన్ ఒక్కోటి ఒక్కో ట్రాక్‌లో విడిగా ఉంటాయి. వాటిలో ఏది ఎంత గట్టిగా వినపడాలి, ఏది ఎడమవైపు ఉండాలి, దేనికి ఎంత ఎకో ఉండాలి అని నిర్ణయించి స్టీరియోగా కలపడం మిక్సింగ్. అలా కలిపిన దానికి చివర్లో మొత్తంగా శబ్ద స్థాయి, బేస్, ట్రెబుల్ సరిచేసి డిస్క్‌కు సిద్ధం చేయడం మాస్టరింగ్.

రీమాస్టర్ చేసేవాళ్ల చేతిలో ఉండేది ముందే కలిపేసిన టేపు. అందులో ఒక్క గిటార్‌ని మాత్రమే పెంచడం వాళ్ల పని కాదు. రీమిక్స్ చేసేవాళ్లు మల్టీట్రాక్ టేపుల దగ్గరికి వెనక్కి వెళ్లి అన్నిటినీ మొదటి నుంచి మళ్లీ కలుపుతారు. అందుకే రీమాస్టర్ మీద గొడవ పడేవాళ్లు శబ్దం తీరు గురించి మాట్లాడతారు. రీమిక్స్ మీద గొడవ మాత్రం సంగీతం గురించే.

డాన్స్ రీమిక్స్‌లలాగా కొత్త బీట్లు కలుపుతారా?

లేదు. ఈ రీఇష్యూలలో అప్పుడు వాయించినదే ఉంటుంది, కలిపిన తీరు మారుతుంది.

డబ్బా మీద "2010 ఎడిషన్" అని మాత్రమే రాశారు. లోపల ఏ మిక్స్ ఉందో ఎలా తెలుసుకోవాలి?

ఏడాదిని బట్టి ఏమీ తేల్చలేం. వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే క్రెడిట్స్ చదవండి. ఎవరో "మిక్స్ చేశారు" అని కొత్త ఏడాదితో ఉంటే అది రీమిక్స్. "రీమాస్టర్ చేశారు" అని మాత్రమే ఉంటే మిక్స్ పాతదే. అదనపు డిస్క్‌లతో వచ్చే డీలక్స్ ఎడిషన్లలో ఒక డిస్క్‌లో కొత్త మిక్స్, ఇంకో డిస్క్‌లో పాత మిక్స్ ఉండడం మామూలే. అదే ఆల్బమ్‌కు తక్కువ ధరలో వచ్చే సింగిల్ డిస్క్ ఎడిషన్‌లో రెండింటిలో ఒకటే ఉండొచ్చు. కాబట్టి డీలక్స్ ఎడిషన్ గురించి రాసిన రివ్యూ చదివి సింగిల్ డిస్క్ కొనకండి.

మళ్లీ వాయించి రికార్డు చేసిన వెర్షన్ కూడా రీమిక్సేనా?

కాదు, అది పూర్తిగా కొత్త ప్రదర్శన. బ్రిటిష్ సంగీతకారుడు మైక్ ఓల్డ్‌ఫీల్డ్ "ట్యూబులర్ బెల్స్ 2003" పేరుతో తన 1973 ఆల్బమ్‌ని మొత్తం మళ్లీ వాయించాడు. క్యామెల్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1975 నాటి "ద స్నో గూస్"ని 2013లో మళ్లీ రికార్డు చేసింది. బాణీలు అవే అయినా వాయించిన చేతులు, వయసు, స్టూడియో అన్నీ మారాయి. కీబోర్డ్ వాయించిన పీటర్ బార్డెన్స్ 2002లోనే చనిపోయాడు కాబట్టి కొత్త "స్నో గూస్"లో ఆయన వేళ్ల తీరు ఉండదు. అందులో బాణీ ఎంత చక్కగా పలికినా, పాత ఆల్బమ్‌ని ప్రేమించినవాళ్లకు ఆ వెలితి తెలుస్తుంది. పేర్లు దాదాపు ఒకేలా ఉండడంతో చాలామంది వీటిని రీమిక్స్‌లనుకుని కొంటారు. కొనే ముందు రికార్డింగ్ ఏడాది చూసుకోండి.

యాభై ఏళ్ల నాటి టేపులు ఇంకా పనిచేస్తాయా?

చాలావరకు పనిచేస్తాయి, కానీ జాగ్రత్తగా ముట్టుకోవాలి. 1970ల మధ్య నుంచి వాడిన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని బంకగా మారుతుంది. అలాంటి టేపుని నేరుగా మెషీన్ మీద తిప్పితే పొడి రాలిపోయి రికార్డింగే పోతుంది. అందుకని ముందు దాదాపు 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి మెల్లగా వేడి చేసి, తేమ పోయాక వెంటనే డిజిటల్‌లోకి ఎక్కిస్తారు. ఆ బాగు కొంతకాలమే నిలుస్తుంది.

ఆల్బమ్ తయారవుతుండగానే టేపు ఇబ్బంది పెట్టిన సందర్భం కూడా ఉంది. ఓల్డ్‌ఫీల్డ్ "ఒమ్మడాన్" కోసం ఒక టేపు మీదే పదేపదే వాయిద్యాలు కలుపుతూ పోతుంటే దాని మీది పూత రాలిపోయింది. మొదటి భాగాన్ని మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చింది. మనందరికీ తెలిసిన 1975 ఆల్బమ్‌లో ఉన్నది ఆ రెండో రికార్డింగే. ముందటి ప్రయత్నం 2010 డీలక్స్ ఎడిషన్‌లో "లాస్ట్ వెర్షన్"గా బయటికొచ్చింది. అభిమానులకు ఇలాంటివి దొరకడమే రీఇష్యూల వల్ల నిజమైన లాభం అని నా నమ్మకం.

మల్టీట్రాక్ టేపులే పోతే రీమిక్స్ అసాధ్యమా?

ఇదివరకు అసాధ్యమే. ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్ కలిసిపోయిన శబ్దాన్ని మళ్లీ విడదీస్తోంది. 2022లో బీటిల్స్ "రివాల్వర్" రీమిక్స్‌కు ఇలాంటి పద్ధతే వాడారు. రెండు మూడు ట్రాక్‌ల మీద రికార్డు చేసిన 1960ల తొలినాళ్ల గిటార్ బృందాలకు ఇది పెద్ద అవకాశం. అయితే ఒకేలాంటి రెండు గిటార్లను విడదీయడం, గొంతుని గిటార్ నుంచి విడదీసినంత తేలిక కాదు. సరిగ్గా విడిపోని చోట డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) చప్పుడు నీళ్లలో నుంచి వస్తున్నట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో అది ఇట్టే తెలిసిపోతుంది.

## మొదటిసారి వింటున్నప్పుడు

అన్నీ స్పష్టంగా ఉన్నాయి, అయినా ఏదో తేడాగా ఉంది. నా చెవులదే తప్పా?

మీ చెవులు బాగానే ఉన్నాయి. ఏళ్ల తరబడి విన్న ఆల్బమ్‌లో తర్వాత ఏం వస్తుందో మనసు ముందే సిద్ధంగా ఉంటుంది. ఎడమవైపు రావాల్సిన మాండొలిన్ మధ్యలో వస్తే ఆ లెక్క తప్పుతుంది. అది పరిచయం వల్ల వచ్చే ఇబ్బందే, రీమిక్స్ బాగోలేదనడానికి రుజువు కాదు. ఒకటి రెండు రోజులు ఆగి, పాతది వినకుండా కొత్తదొక్కటే మొదటి నుంచి చివరి దాకా వినండి. అప్పటికీ ఒకే చోట అదే వెలితి అనిపిస్తే మీ అభ్యంతరానికి ఆధారం ఉన్నట్టే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు, ఇంతకుముందు వినపడనివి వినపడేసరికి మొదటి రోజు అంతా అద్భుతంగా తోస్తుంది. విడుదల రోజే రాసిన పొగడ్తలను, తిట్లను రెండింటినీ కాస్త తగ్గించి చదవండి.

రెండు మిక్స్‌లను న్యాయంగా పోల్చాలంటే ఏం చేయాలి?

ముందు శబ్ద స్థాయి సమానం చేయండి. రెండింటిలో కాస్త గట్టిగా ఉన్నదే మనకు బాగున్నట్టు అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా "ఇది గట్టిగా ఉంది" అనిపించదు, "ఇందులో ప్రాణం ఉంది" అనిపిస్తుంది. కొత్త రీఇష్యూలు చాలావరకు పాత సీడీల కంటే గట్టిగా ఉంటాయి. వాల్యూమ్ సరిచేయకుండా పోలిస్తే కొత్తది గెలవడానికి అదొక్కటే చాలు.

ఆ తర్వాత ఆల్బమ్‌లో మూడు రకాల చోట్లు ఎంచుకోండి. ఒకే వాయిద్యం ఉన్న నెమ్మదైన భాగం, అన్నీ కలిసి మోగే ఉద్ధృతమైన భాగం, ఒకదాని నుంచి ఇంకోదానికి మారే మలుపు. తేడాలు ఎక్కువగా బయటపడేది మలుపుల దగ్గరే. పాత రోజుల్లో కంప్యూటర్ ఆటోమేషన్ లేదు. "ట్యూబులర్ బెల్స్" మిక్స్ చేసేటప్పుడు మిక్సింగ్ డెస్క్ చుట్టూ మనుషులు నిలబడి ఎవరి ఫేడర్‌ని (ఒక్కో ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) వాళ్లు సమయానికి చేత్తో జరిపారు. గిటార్ పైకి లేచే వేగం, ఆర్గన్ దిగిపోయే తీరు కూడా ఒక రకంగా వాయించడమే. కొత్త మిక్స్ ఆ కదలికను పట్టుకుందో లేదో చూడండి.

ఎప్పుడూ వినని వాయిద్యం ఒకటి వినపడుతోంది. కొత్తగా వాయించి కలిపారా?

సాధారణంగా లేదు. ఆ రోజే వాయించి టేపులో ఉంచారు, మిక్స్‌లో తగ్గించారు లేదా పూర్తిగా మూసేశారు. కొత్త మిక్స్‌లో ఫేడర్ ఎత్తగానే బయటపడింది. ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. అప్పట్లో దాన్ని మూసేసింది మర్చిపోయా, కావాలనా? వాయించినదాన్ని వద్దనుకోవడం కూడా కూర్పులో భాగమే. వినపడని భాగం దొరికినందుకు ఆనందించండి, కానీ అది దొరికినంత మాత్రాన పాత మిక్స్ దాన్ని "దాచేసింది" అనుకోవద్దు.

నిడివి నాలుగు నిమిషాలు పెరిగింది. ఇలా కూడా చేస్తారా?

చేస్తారు. అమెరికన్ గిటారిస్టు ఫ్రాంక్ జప్పా 1969లో తెచ్చిన "హాట్ ర్యాట్స్"లో ఒక్కటి తప్ప అన్నీ వాద్య రచనలే. 1987లో సీడీ కోసం ఆయనే దాన్ని మళ్లీ మిక్స్ చేశాడు. "ది గంబో వేరియేషన్స్" దాదాపు నాలుగు నిమిషాలు పెరిగింది. ఎల్పీలో (పాత వినైల్ రికార్డులో) లేని ఆరంభం, శాక్సొఫోన్, గిటార్ సోలోల భాగాలు తిరిగి వచ్చాయి. వినైల్ ఒక వైపున పట్టే సమయం తక్కువ, సీడీకి ఆ ఇబ్బంది లేదు.

ఎక్కువ సంగీతం దొరికితే మంచిదేగా అనిపిస్తుంది. సోలోల కోసం వినేవాళ్లకు మంచిదే. కానీ ఎల్పీ వెర్షన్‌లో ఉన్న బిగువు పొడవైన దానిలో సడలిందని చెప్పేవాళ్ల మాటనూ కొట్టిపారేయలేను.

డ్రమ్స్ ముందుకొచ్చి గుండెల మీద కొడుతున్నాయి. ఎందుకిలా?

ఈ కాలపు చెవికి అలవాటైన తీరు అది. 1970ల మిక్స్‌లలో చాలావాటిలో డ్రమ్స్ బృందంతో పాటు వెనక కూర్చున్నట్టుంటాయి. కొత్త మిక్స్‌లలో కిక్, స్నేర్ ముందుకొస్తాయి, బేస్ గిటార్ లావెక్కుతుంది. వేగంగా సాగే ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన) సంగీతానికి ఇది కొన్నిసార్లు మేలు చేస్తుంది, బేస్ ఏం వాయిస్తోందో మొదటిసారి అర్థమవుతుంది. గాలిలో తేలుతున్నట్టుండే సంగీతానికి మాత్రం చేటే.

టేపు బుస్సుమనే చప్పుడు పోయింది. మంచిదే కదా, మరి కొందరు ఎందుకు ఒప్పుకోరు?

హిస్‌ని కొద్దిగా తగ్గిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అతిగా తీసేస్తే దానితో పాటు తాళాల మెరుపు, గిటార్ తీగ మోగి సద్దుమణిగే చివరి అంచు, గది గాలి పోతాయి. పాటలున్న ఆల్బమ్‌లో ఆ నష్టాన్ని గొంతు కొంత కప్పేస్తుంది. ఇక్కడ ఆ అంచులే సంగీతం. ఒక్క గిటార్ స్వరం మెల్లగా ఆరిపోయే చోటు వినండి. ఆరిపోకుండా ఉన్నట్టుండి తెగిపోతే శుభ్రం చేయడం శ్రుతి మించిందని అర్థం.

డాల్బీ అట్మాస్ మిక్స్‌ని మామూలు హెడ్‌ఫోన్స్‌లో వింటే లాభం ఉందా?

కొంత ఉంది, పూర్తిగా లేదు. అట్మాస్ అంటే చుట్టూ, పైనా ఉండే స్పీకర్ల కోసం చేసే మిక్స్. హెడ్‌ఫోన్స్‌లో ఉండేవి రెండే స్పీకర్లు. చుట్టూ, పైన ఉన్నట్టు మన మెదడుకు భ్రమ కలిగించేలా లెక్కలు వేసి శబ్దాన్ని మారుస్తారు. ఆ లెక్కలు అందరి చెవులకూ ఒకేలా కుదరవు. ఒకరికి ఆర్గన్ తల వెనక నుంచి వినపడితే ఇంకొకరికి అంతా పలచబడి, దూరంగా వెళ్లిపోయినట్టుంటుంది. కాబట్టి ఫోన్‌లో విని "అట్మాస్ మిక్స్ బాగోలేదు" అనే ముందు, మీరు విన్నది దాని హెడ్‌ఫోన్ రూపం మాత్రమే అని గుర్తుంచుకోండి. స్పీకర్ల సెటప్ లేనివాళ్లు కొత్త స్టీరియో మిక్స్ ఉంటే దాన్ని వినడం మేలు.

## వాదనల్లోకి దిగినప్పుడు

పాటలున్న ఆల్బమ్‌ల కంటే వీటి మీదే ఎందుకింత పట్టుదల?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పాట ఉన్నచోట గొంతు మధ్యలో ఉంటుంది, ముందుంటుంది. రీమిక్స్ చేసే ఎవరైనా దాన్ని అక్కడే ఉంచుతారు. మిగతావి కాస్త అటూ ఇటూ జరిగినా విన్నవాళ్లకు పాట పాటే.

ఇన్‌స్ట్రుమెంటల్ రాక్‌లో ఆ ముందు చోటు ఎవరిది అన్నది మిక్స్ నిర్ణయిస్తుంది. ఒక్క నిమిషంలో అది పియానో నుంచి గిటార్‌కు, గిటార్ నుంచి ఫ్లూట్‌కు మారుతుంది. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వంత పాడుతున్నారు అన్నది ఫేడర్ స్థాయిలో ఉంది. రెండు గిటార్లలో ఏది పైకి లేస్తే శ్రోతకు అదే బాణీ అవుతుంది. "హాట్ ర్యాట్స్"లో "లిటిల్ అంబ్రెల్లాస్" వినండి. ఎల్పీలో ఫ్లూట్లు ముందుంటాయి. 1987 మిక్స్‌లో పియానో ముందుకొచ్చి ఫ్లూట్లు వెనక్కి మునిగిపోయాయి. ఒక్క స్వరం కూడా కొత్తగా వాయించలేదు, అయినా వినేవాడి మనసులో నిలిచే బాణీ మారిపోయింది. పాటకు సాహిత్యం మార్చినంత తేడా ఇది. అందుకే అభిమానుల పట్టుదల నాకు అతిగా అనిపించదు.

కళాకారుడే స్వయంగా రీమిక్స్ చేసుకుంటే మనకేం అభ్యంతరం?

ఆయన చేసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. పాతది దొరకకుండా పోతేనే అభ్యంతరం.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఓల్డ్‌ఫీల్డ్ "హెర్గెస్ట్ రిడ్జ్". 1974లో వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కిన ఆల్బమ్. ఆ మిక్స్ ఆయనకు నచ్చలేదు, మరీ కిక్కిరిసి ఉందనిపించింది. 1976లో "బాక్స్‌డ్" అనే నాలుగు ఎల్పీల సెట్ కోసం క్వాడ్‌లో (నాలుగు స్పీకర్ల పద్ధతిలో) మళ్లీ మిక్స్ చేసినప్పుడు చాలా పొరలు తగ్గించేశాడు. తర్వాతి విడుదలల్లో, సీడీలతో సహా, ఆ పలచటి మిక్స్‌నే వాడారు. 1974 మిక్స్ కావాలంటే పాత వినైల్ వెతుక్కోవాల్సిందే. 2010 రీఇష్యూలో గాని అది తిరిగి అందుబాటులోకి రాలేదు. దానితో పాటు ఆయన అదే ఏడాది చేసిన కొత్త స్టీరియో మిక్స్ కూడా వచ్చింది.

ఇప్పుడు అభిమానుల్లో మూడు వర్గాలున్నాయి. సీడీల కాలంలో మొదలుపెట్టినవాళ్లకు పలచటి మిక్సే అసలుది, అందులోని ఖాళీ కొండగాలిలా ఉంటుందంటారు. 1974 ఎల్పీతో పెరిగినవాళ్లు ఆ పొరల హోరు లేకపోతే ఆల్బమ్ బలహీనపడిందంటారు. 2010 మిక్స్ రెండింటి మధ్య సర్దుబాటని మెచ్చుకునేవాళ్లు మూడో వర్గం. నా ఓటు 1974కే. రెండో భాగంలో విద్యుత్ గిటార్లు తుఫానులా కమ్ముకునే చోట ఆ కిక్కిరిసిన తనమే కావాలి. అయినా మూడూ దొరుకుతున్నాయి కాబట్టి ఈ వాదన ఇప్పుడు హాయిగా చేసుకోవచ్చు. ముప్ఫై ఏళ్లకు పైగా పరిస్థితి అలా లేదు.

జప్పా విషయమూ అంతే. 1987 తర్వాత చాలా ఏళ్లు సీడీ కొన్నవాళ్లకు "హాట్ ర్యాట్స్" అంటే ఆ కొత్త మిక్సే. ఎల్పీ మిక్స్ 2012లో సీడీగా వచ్చింది. 2019లో ఆ ఆల్బమ్ రికార్డింగ్ సెషన్లతో వచ్చిన బాక్స్ సెట్‌లో 1987 మిక్స్‌ని కూడా చేర్చారు. అలా చేయడమే సబబు.

బయటి ఇంజనీరుకి అప్పగిస్తే ఆల్బమ్ స్వభావం పోదా?

ఇంజనీరుని బట్టి ఉంటుంది. అభిమానులు ఎక్కువగా నమ్మే పేరు బ్రిటిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్. 2009 నుంచి బ్రిటిష్ రాక్ బృందం కింగ్ క్రిమ్‌సన్ ఆల్బమ్‌లతో మొదలుపెట్టి చాలా బృందాల పాత రికార్డింగులను మళ్లీ మిక్స్ చేశాడు. సింథసైజర్ల సంగీతం చేసే జర్మన్ బృందం టాంజరీన్ డ్రీమ్ 1974 ఆల్బమ్ "ఫేడ్రా" కూడా ఆయన చేతికి వచ్చింది. ఆయన ముందు పాత మిక్స్‌ని దగ్గర పెట్టుకుని ప్రతి స్థాయిని, ప్రతి దిశను దానికి సరిపోల్చుకుంటాడు. ఆ తర్వాతే స్పష్టత కోసం చిన్న మార్పులు. సాహసాలు ఏమైనా ఉంటే సరౌండ్ మిక్స్‌లో (శ్రోత చుట్టూ ఉండే స్పీకర్ల కోసం చేసేది) చేస్తాడు. మాస్టరింగ్‌లో శబ్దాన్ని పిండి గట్టిగా చేయడం కూడా ఆయనకు ఇష్టం ఉండదు.

ఆయన పని మీద ఫిర్యాదు అసలే లేదని కాదు. మరీ శుభ్రంగా ఉంది, పాత మిక్స్‌లోని మసక అందం పోయిందనేవాళ్లు ఉన్నారు. సింథసైజర్ల సంగీతంలో ఈ ఫిర్యాదుకు బలం ఎక్కువ, ఎందుకంటే ఒకదానిలో ఒకటి కరిగిపోవడమే అక్కడ అందం. కానీ పాతదాన్ని గౌరవించి మొదలుపెట్టే పద్ధతి సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను.

కళాకారుడు చనిపోయాక రీమిక్స్ చేయడం న్యాయమేనా?

బతికి ఉన్నప్పుడు ఆయన ఒప్పుకున్న మిక్స్ కూడా అదే డబ్బాలో ఉంటే న్యాయమే. "ఆయన ఉంటే ఇలాగే చేసేవాడు" అని ప్రకటనల్లో రాయడం మాత్రం తప్పు. ఎవరూ చెప్పలేని మాట అది.

ఇదంతా మళ్లీ డబ్బు గుంజడానికేనా?

వ్యాపారం లేకుండా ఏ రీఇష్యూ రాదు. కానీ డబ్బు ఒక్కటే కారణమైతే పాత టేపుకి మరో రీమాస్టర్ చేసి వదిలేయడం చాలా చౌక. రీమిక్స్‌కు టేపులు వెతకాలి, బాగుచేయాలి, ఎక్కించాలి, వారాల తరబడి కూర్చోవాలి. హక్కులు చేతులు మారడం కూడా ఒక కారణం. 2008లో "ట్యూబులర్ బెల్స్" హక్కులు ఓల్డ్‌ఫీల్డ్‌కు తిరిగొచ్చాయి, 2009లో ఆయన కొత్త స్టీరియో, 5.1 సరౌండ్ మిక్స్‌లు బయటపెట్టాడు.

నిజంగా కోపం తెప్పించేది వేరే ఉంది. కొత్త మిక్స్‌ని ఖరీదైన పెద్ద బాక్స్ సెట్‌లో మాత్రమే పెట్టి విడిగా అమ్మకపోవడం. ఒక్క డిస్క్ కోసం పుస్తకాలు, పోస్టర్లు, టికెట్ నకళ్లు కొనమనడం అన్యాయం. దీని మీద అభిమానులు ఎంత గట్టిగా అడిగినా తప్పులేదు.

లీడ్ గిటార్ తీసేసిన ఎడిషన్ ఒకటుందట. దాన్ని ఎవరు వింటారు?

అమెరికన్ గిటారిస్టు జో సాట్రియానీ 1987 ఆల్బమ్ "సర్ఫింగ్ విత్ ది ఏలియన్" 2019లో మళ్లీ వచ్చినప్పుడు రెండో డిస్క్‌లో లీడ్ గిటార్ లేకుండా మిగతా వాయిద్యాలు మాత్రమే పెట్టారు. గిటార్ నేర్చుకునేవాళ్లకు దాని మీద వాయించుకోవడానికి ఇంతకంటే మంచిది దొరకదు. వాయించని వాళ్లు కూడా ఒకసారి వినాలి. లీడ్ పక్కకు తప్పుకుంటే రిథమ్ గిటార్లు, కీబోర్డులు ఎంత పని చేస్తున్నాయో తెలుస్తుంది.

## కొన్నాక, సేకరణలో పెట్టుకున్నాక

కొత్త మిక్స్ నచ్చింది. పాత సీడీ అమ్మేయొచ్చా?

వద్దు. మీకు నచ్చిన మిక్స్ తర్వాతి విడుదలలో ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. పదేళ్లకో, ఇరవై ఏళ్లకో మీ అభిప్రాయం మారినా ఆశ్చర్యం లేదు.

స్ట్రీమింగ్‌లో ఉన్నట్టుండి మిక్స్ మారిపోయింది. పాతది ఎలా పొందాలి?

హక్కులున్న సంస్థ కొత్త ఫైల్ పెడితే మీ ప్లేలిస్ట్‌లో పేరు అదే ఉండి లోపలి శబ్దం మారొచ్చు. ఆ కళాకారుడి పేజీలో అదే ఆల్బమ్‌కు ఉన్న మిగతా ఎడిషన్లు చూడండి. డీలక్స్ ఎడిషన్ చివర్లో పాత మిక్స్‌ని బోనస్‌గా పెట్టి ఉండొచ్చు. ఫోన్ సెట్టింగ్‌లలో అట్మాస్ తనంతట తానే మొదలయ్యేలా ఉందేమో కూడా చూడండి. చాలామంది "రీమిక్స్" అని కంగారుపడేది నిజానికి ఆ స్విచ్ వల్లే. ప్రాణప్రదమైన ఆల్బమ్ అయితే డిస్క్ గానీ, డౌన్‌లోడ్ చేసుకున్న ఫైల్ గానీ సొంతంగా ఉంచుకోండి.

1970ల క్వాడ్ మిక్స్‌లు ఇప్పుడు వినదగ్గవేనా?

తప్పకుండా. నాలుగు స్పీకర్ల క్వాడ్ పద్ధతి ఆ దశాబ్దం చివరికే మార్కెట్‌లో నిలవలేకపోయింది, కానీ దాని కోసం చేసిన మిక్స్‌లు మిగిలాయి. మహావిష్ణు ఆర్కెస్ట్రా "బర్డ్స్ ఆఫ్ ఫైర్", శాంటానా "కారవాన్సెరాయ్", జార్జ్ మార్టిన్ నిర్మాతగా జెఫ్ బెక్ చేసిన "బ్లో బై బ్లో", మూడింటికీ అప్పట్లోనే క్వాడ్ మిక్స్‌లు ఉన్నాయి. వాటిని చేసిన రోజుల్లో వాయిద్యాలను ఎక్కడ పెట్టాలన్న నియమాలు ఇంకా గట్టిపడలేదు కాబట్టి ధైర్యం ఎక్కువ. గిటార్ వెనక మూల నుంచి పలికితే ముందు మూల నుంచి కీబోర్డ్ బదులిస్తుంది. వాయిద్యాల మధ్య సంభాషణలా సాగే సంగీతానికి ఇంతకంటే తగిన ఏర్పాటు లేదు. నా వరకు, కొన్ని కొత్త అట్మాస్ మిక్స్‌ల కంటే ఇవే ఉత్సాహంగా ఉంటాయి.

ఇప్పుడే మొదలుపెడుతున్నాను. పాతది ముందు వినాలా, కొత్తది ముందా?

విడుదలైనప్పటి మిక్స్‌తో మొదలుపెట్టండి. అందరూ దేని గురించి మాట్లాడుతున్నారో అదే. "ట్యూబులర్ బెల్స్" విషయంలో ఇది తేలిక. 2023 నాటి యాభయ్యో వార్షిక ఎడిషన్‌లో 1973 మిక్స్‌నే కొత్తగా మాస్టర్ చేసి ఇచ్చారు, అట్మాస్ మిక్స్‌ని డేవిడ్ కాస్టెన్ విడిగా చేశాడు. మొదటిది చెవికి బాగా ఎక్కాక రెండో దానికి వెళ్తే ఏం మారిందో మీకే తెలుస్తుంది. ఒకవేళ పాత రికార్డింగ్ శబ్దం అసలు వినబుద్ధి కాకపోతే కొత్త దానితోనే మొదలుపెట్టండి. వినకుండా వదిలేయడం కంటే అది నయం.

నా అభిప్రాయం రాయాలనుకుంటున్నాను. ఏం రాస్తే మిగతావాళ్లకు ఉపయోగం?

"కళ తప్పింది", "అద్భుతం" లాంటి మాటలతో చదివేవాళ్లకు ఏమీ తెలియదు. మీ దగ్గరున్న ఎడిషన్ ఏడాది, అది రీమిక్సా రీమాస్టరా, స్టీరియోనా సరౌండా, స్పీకర్లలో విన్నారా హెడ్‌ఫోన్స్‌లోనా అన్నవి ముందు రాయండి. తర్వాత ఎన్నో నిమిషం దగ్గర ఏ వాయిద్యం ముందుకొచ్చింది, ఏది వెనక్కి పోయిందో చెప్పండి. మీరు ముందుగా ఏ మిక్స్‌తో పరిచయమయ్యారో కూడా రాయండి, ఆ ఒక్క వాక్యంతో మీ ఇష్టానికి కారణం సగం అర్థమవుతుంది. మీకు నచ్చనిది ఇంకొకరికి మొదటి ప్రేమ అయి ఉండొచ్చు కాబట్టి వాళ్ల చెవులను తప్పుపట్టకుండా మిక్స్ గురించే రాయండి. పాత మిక్స్ లేకుండా ఏదైనా ఎడిషన్ వస్తే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. కొనేవాళ్లకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే.